అరణ్యమునకు అర్హతాపత్రము

హైదరాబాదులో కంప్యూటరు కొలువు చేయుచు, శనివారము రాగానే వీపున సంచి తగిలించుకొని గుట్టలెక్కుటయే పరమపురుషార్థమని నమ్మిన మా మేనల్లుడు, 2025 దసరాకు కామారెడ్డి వచ్చి, సకినాలు నములుచు, "మామా, నాకు అడవి వైద్యం సర్టిఫికెట్ కావాలె. మన దిక్కు ఎక్కడన్న నేర్పుతరా?" అని యడిగినాడు. అడవి వైద్యమనగా వేళ్లు, పసర్లు గాబోలునని నేను ఎల్లారెడ్డి వైపు వేలు చూపబోగా, వాడు నా యజ్ఞానమునకు జాలిపడి, ఆ శాస్త్రమందలి సోపానములను సావధానముగా బోధించినాడు.

పదునారు గంటలు, అనగా రెండు దినములు, అభ్యసించినవాడు ప్రథమ చికిత్సకుడట. డెబ్బది యెనుబది గంటలు శ్రమించినవాడు 'వైల్డర్‌నెస్ ఫస్ట్ రెస్పాండర్' అను బిరుదమునకు పాత్రుడట. 1965లో అమెరికాలో వెలసిన నోల్స్ వంటి సంస్థలు ఈ విద్యకు పీఠములు. మనదేశమున వలసినచో ముస్సోరీ కొండమీది హనీఫ్ల్ కేంద్రము వంటి చోటికి పోవలెను. ఇంత తపస్సు చేసి సంపాదించిన పట్టాకు ఆయుర్దాయము మాత్రము రెండు మూడేండ్లే. ఆపైన మరల రుసుము, మరల పరీక్ష. ఆదాయ ధ్రువపత్రమునకై యేటేట మీసేవ వాకిట నిలుచు మాకు ఈ నియమము వింతగా దోచలేదు.

వింతగా దోచినది వారి నిర్వచనము. వైద్యశాలకు చేరుటకు గంటకు మించి పట్టు తావెల్ల అరణ్యమేనట! ఆ లెక్కన గాంధారి, లింగంపేటల కావలి తండాలలో తాతముత్తాతలనాటి నుండి కాపురమున్నవారందరును అరణ్యనిపుణులే. వారికి పట్టా యివ్వనివారే యపరాధులు. అంతేల, 2025 వినాయక చవితినాడు మొదలైన కుంభవృష్టికి జాతీయ రహదారి తెగి, భిక్కనూరు దగ్గర రైలుకట్ట కొట్టుకొనిపోయి, విఘ్నేశ్వరుడు పందిరిలో నుండగనే, కామారెడ్డి పట్టణమంతయు ఒక్క రాత్రిలో శాస్త్రోక్తముగా అరణ్యమైపోయినది.

నిజాము వేటమైదానమై, 1952లో అభయారణ్యమైన పోచారమును చూపుదమని వానిని వెంటబెట్టుకొని పోగా, ఎల్లారెడ్డి చెంత నొక తండాలో ముసలమ్మ యొకతె మా కబుర్లు విన్నది. రెండు కర్రలు, ఒక దుప్పటితో రోగిని మోయు విద్యను మావాడు అభినయించి చూపగా ఆమె పకపక నవ్వి, "గిదానికి పైసలు గట్టి నేర్చుకుంటరా బిడ్డా? మంచం దిర్లేసి నలుగురు మోస్తే అయిపాయె" అన్నది. మావాని ముఖము చిన్నబోయినది. అయితే, పాము కరచినచో నేమి చేయుదువని నేనడుగగా, కాలిని తాడుతో బిగించి, గాటు పెట్టి, మంత్రగానికి కబురు పెట్టుదుమని ఆమె చెప్పినంతనే, ఈసారి మా యిద్దరి ముఖములును చిన్నబోయినవి. ఏలయన ఆ పట్టా చదువులో కోయరాదు, పీల్చరాదు, బిగించి కట్టరాదు అనుటయే మొదటి పాఠము. మోయుట తండాకు తెలియును. కట్టరాదని ముస్సోరీకి తెలియును. ఈ రెండు తెలివులకును నేటివరకు ముఖపరిచయమే లేదు.

2025 నవంబరు వరకు అమలులో నుండిన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము నూటయేబది మంది కార్మికులకొక ప్రథమ చికిత్స పెట్టెయుండవలెననియు, దానిని శిక్షణ పొందినవాని చేతికప్పగింపవలెననియు విధించినది. ఎండలు ముదిరినప్పుడు తెల్లవారక ముందే పొదలలో చేయిపెట్టి తునికాకు కోయు స్త్రీలకు ఆ పెట్టె యేదియని యడుగకుడు. అడవికి గోడలు లేవు, గోడలు లేనిచో ఫ్యాక్టరీ కాదు, ఫ్యాక్టరీ కానిచోట గాయమైనను ఆ చట్టము దృష్టిలో గాయము కాదు.

పాఠము మనయొద్దకు రానేరదందురా? కామారెడ్డి నుండి ఎల్లారెడ్డికి పోవు త్రోవలోనే యున్న తాడ్వాయి గురుకులమున చదివిన పాకాల గ్రామపు మాలావత్ పూర్ణ, భువనగిరి బండమీద ఓనమాలు దిద్ది, 2014 మే 25న, పదునాలుగేండ్లు నిండకమునుపే ఎవరెస్టు శిఖరమున నిలిచినది గదా! తండా బిడ్డను శిఖరమున కెక్కింపగలిగిన విద్య, తునికాకు కోయ వెళ్లిన తల్లిని ఇంటికి సజీవముగా చేర్చలేదా? పదునారు గంటల చదువే గదా. కోతకు ముందు రెండు దినములు, ఎల్లారెడ్డి బడిలో, తెలుగునను లంబాడీనను చెప్పించుడు. పట్టాపై ముద్ర లేకున్నను బాధ లేదు.

అంతవరకు, ఓ పాఠకుడా, రుసుము లేకయే యీ యొక్క పాఠము స్వీకరింపుము: పాము కరచినచో కోయకుము, కట్టకుము, కరచిన యవయవమును కదలనీయక, 108కి ఫోను చేసి, విషవిరుగుడు సూది యున్న ఆసుపత్రికి చేర్పుము. మంత్రగాని యింటికి పోవు త్రోవలో గంట గడచిపోవును.