పది బై పది స్మార్ట్ హోమ్

కరీంనగర్ స్మార్ట్ సిటీల జాబితాలోకి ఎక్కింది 2017 జూన్‌లో. ఆ విడతలో ముప్పై ఊళ్ల పేర్లు ప్రకటించారు. మంకమ్మతోటలో మేమున్న గది స్మార్ట్ కావడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. దానికి కేంద్రం వాటా లేదు, రాష్ట్రం వాటా లేదు. మొత్తం మా రూమ్మేటు మెస్ డబ్బుల వాటా.

ఇలా ప్రతిదానికీ సంవత్సరం తగిలించి మాట్లాడడం నాకు పుట్టుకతో వచ్చింది కాదు, గ్రూప్స్‌కు చదవడంతో వచ్చింది. జిల్లా గ్రంథాలయంలో పొద్దంతా కూచుని వచ్చేవాడి నోట్లోంచి మామూలు మాటలు రావు. తేదీలు వస్తాయి, అధికరణలు వస్తాయి. మా రూమ్మేటు ఈసీఈ చదువుతాడు, వాడి నోట్లోంచి వోల్టులు వస్తాయి. ఇద్దరిదీ ఆదిలాబాదే. ఇక్కడ ఒక డాబా మీద కట్టిన పది బై పది గదిలో అద్దెకుంటున్నాం. టులెట్ బోర్డు మీద దాన్ని 'పెంట్ హౌస్' అని రాశారు.

గదిలోని విద్యుత్ ఆస్తులు ఇవి: ఒక ట్యూబ్‌లైటు, ఒక ఫ్యాను, వాటి స్విచ్చుల పక్కనే ఒక ప్లగ్గు. బాత్‌రూంలో ఓ బల్బు ఉంది గానీ అది మాడిపోయి చాలాకాలమైంది. ఇక ఇంటి అంకుల్ రాజ్యాంగం. గోడకు మేకు కొట్టరాదు. వైరింగ్ ముట్టరాదు. హీటరు పెట్టరాదు. సబ్ మీటరు మీద యూనిట్‌కు ఎనిమిది రూపాయలు. భారత రాజ్యాంగానికి సవరణ కోసం 368వ అధికరణ ఉంది. అంకుల్ అలాంటిదేమీ పెట్టుకోలేదు.

ఈ గదికి మావోడు స్మార్ట్ హోమ్ డిజైన్ చేశాడు. ముందు నోట్‌బుక్కులో బొమ్మ గీసి దానికి 'ఆర్కిటెక్చర్' అని పేరు పెట్టాడు. గదిలో ఉన్న వస్తువుల కంటే బొమ్మలో ఉన్న బాణాలు ఎక్కువ. మంచం మీద పడుకున్న మనిషి ఫ్యాను ఆపాలనుకుంటే ఆ ఆజ్ఞ ఫోన్లోంచి బయల్దేరి, సముద్రాలు దాటి ఎక్కడో ఉన్న సర్వరుకు పోయి, అక్కడ హాజరు వేయించుకుని తిరిగొచ్చి, మంచానికి మూరెడు దూరంలో ఉన్న స్విచ్చుబోర్డు దగ్గర దిగాలి. నేను చెయ్యి చాపి ఫ్యాను ఆపి చూపించాను.

"గట్ల కాదన్నా, అది మాన్యువల్" అన్నాడు. ఆ మాట పలికేటప్పుడు వాడి ముక్కు కొంచెం ముడుచుకుంది.

దీనికి గుండెకాయ నోడ్‌ఎంసీయూ అనే వేలెడంత బోర్డు. దాని మీద ఉండే ఈఎస్‌పీ8266 చిప్పును షాంఘైకి చెందిన ఎస్‌ప్రెసిఫ్ కంపెనీ 2014లో తెచ్చింది. అంతకుముందు వైఫై ఉన్న బోర్డులు విద్యార్థి జేబుకు అందేవి కావు. ఇప్పుడు రెండు బిర్యానీల డబ్బుకు దొరుకుతుంది. ఆ నెల మావోడు సరిగ్గా ఆ రెండు బిర్యానీలే మానేశాడు. మూడు వోల్టులతో బతికే ఆ బోర్డు 230 వోల్టుల జోలికి పోలేదు కాబట్టి మధ్యలో ఒక రిలే ఉంటుంది. బోర్డు సైగ చేస్తే రిలే టిక్కుమంటుంది, లైటు వెలుగుతుంది. రాజ్యాంగ ఉల్లంఘన రాత్రి పదకొండు దాటాక జరిగింది. అంకుల్ పడుకున్నాడని రూఢి చేసుకుని, మెయిన్ ఆపి, స్విచ్చుబోర్డు విప్పి, సెల్‌ఫోన్ వెలుతురులో వైర్లు కలిపాడు. నేను మెట్ల దగ్గర కాపలా ఉన్నాను. తెల్లారేసరికి గోడ మీద కొత్తగా కనబడింది ఒక ప్లాస్టిక్ స్వీటు డబ్బా, అందులో మినుకుమనే ఎర్రలైటు. మేకు నిషేధం కాబట్టి డబ్బాను రెండువైపుల టేపుతో అంటించాం. ఎండాకాలంలో జిగురు కరిగి అది కింద పడుతుండేది. మావోడు దాన్ని తీసి అంటించేవాడు, మాన్యువల్‌గానే.

గదికి వైఫై లేదు. ఇంటర్నెట్ అంతా మావోడి ఫోన్ హాట్‌స్పాట్. పొద్దున వాడు కాలేజీకి పోతే స్మార్ట్ కూడా వాడి జేబులో కాలేజీకి పోయేది, నాకు హోమ్ మాత్రం మిగిలేది. సాయంత్రం వాడు వచ్చాక ఇంకో చిక్కు. ఫోన్ చార్జింగుకు ఉన్న ఒక్క ప్లగ్గు స్విచ్చుబోర్డులోనే ఉంది. ఫ్యాను ఆపాలంటే ఫోన్ కావాలి, ఫోన్ కావాలంటే స్విచ్చుబోర్డు దాకా పోవాలి. పోయేవాడు. పోయి, స్విచ్చు వంక చూడకుండా ఫోన్ తీసి, లాక్ తెరిచి, యాప్ తెరిచి, అది చక్రం తిప్పుతుంటే ఓపిగ్గా నిలబడి, ఫ్యాను ఆపి వచ్చి పడుకునేవాడు. నిష్ఠ అంటే అది.

గాలిదుమారం వచ్చిన రాత్రుల సంగతి వేరు. మేం కొన్న రిలే బోర్డుకు ఒక తలతిక్క ఉంది. దానికి సున్నా అంటే వెలగమని, ఒకటి అంటే ఆరమని. కరెంటు తిరిగొచ్చిన మొదటి క్షణాల్లో, చిప్పుకు ఇంకా మెలకువ రాక తానెవరో తెలియని స్థితిలో, పిన్నులు ఏం చెబితే రిలే అది చేస్తుంది. దాంతో రాత్రి రెండింటికి కరెంటొస్తే ముందు టిక్కు టిక్కు టిక్కు, ఆ వెంటనే కళ్లు పొడిచే ట్యూబ్‌లైటు. లేచి ఆపుదామంటే వాడి ఫోన్ స్విచ్చాఫ్.

తర్వాత సెన్సర్ల శకం. పీఐఆర్ అనేది కదిలే వేడిని పసిగట్టే సెన్సర్. గదిలో మనిషి మెసిలితే లైటు, లేకపోతే చీకటి. సిద్ధాంతం మంచిదే. కానీ గ్రూప్స్‌కు చదివేవాడు మెసలడు. ఆ సెన్సర్‌కు ఒక చిన్న మర ఉంటుంది. దాన్ని తిప్పి ఎంతసేపు ఓపిక పట్టాలో చెప్పొచ్చు, కొన్ని సెకన్ల నుంచి ఐదు నిమిషాల దాకా. పొదుపు కోసమని మావోడు దాన్ని నిమిషం దగ్గర ఆపాడు. నిమిషానికోసారి నేను చెయ్యి ఊపాలి. 12వ అధికరణ నుంచి 35 దాకా ప్రాథమిక హక్కులన్నీ చెయ్యి ఊపుతూనే చదివాను. ఎదురు డాబా మీద బట్టలారేసే ఆవిడ కొన్నాళ్లు చూసి, వచ్చి మా ఓనర్ ఆంటీకి చెప్పిపోయింది. ఆ సెన్సర్ పనిచేసే తీరును ఆంటీకి వివరించడం నేను ఇంతవరకు ఎదుర్కొన్న అతి కష్టమైన ఇంటర్వ్యూ.

మే నెల వచ్చేసరికి చెయ్యి ఊపడం కూడా అక్కరకు రాకుండా పోయింది. పీఐఆర్ మనిషిని గుర్తుపట్టేది ఒంటి వేడికీ చుట్టూ ఉన్న గోడల వేడికీ మధ్య తేడాతో. కరీంనగర్‌లో మే, డాబా మీద గది, నెత్తిన ఉత్త స్లాబు. పగలంతా తాగిన ఎండను అది అర్ధరాత్రి దాటేదాకా మా మీద కక్కేది. మావోడు డీహెచ్‌టీ11 అనే ఇంకో సెన్సర్ తగిలించి చూస్తే సాయంత్రం గదిలో ముప్పై ఏడు డిగ్రీలు. అది రెండు డిగ్రీలు అటూ ఇటూ చెబుతుందట. అయినా లెక్క తేలిపోయింది. నా వేడీ గోడ వేడీ ఒకటే, కాబట్టి సెన్సర్ దృష్టిలో నేనూ ఒక గోడనే. లేచి నిలబడ్డా, గంతులేసినా లైటు వెలగలేదు. గదిలో ఎవరూ లేరని యాప్ మాత్రం ధీమాగా చెబుతూనే ఉంది.

అదే డబ్బాను సంక్రాంతి సెలవులకు ఆదిలాబాద్ తీసుకుపోతే అద్భుతంగా పనిచేసింది. మా ఊళ్లో చలికాలపు రాత్రి ఆరేడు డిగ్రీలకు దిగడం వింత కాదు. నాగోబా జాతర దగ్గర పడే రోజులు అవి, గోడలు మంచుగడ్డలు. ఆ చల్లదనంలో పిల్లి వరండా దాటినా లైటు వెలిగి మర్యాద చేసింది. మావోడికి హుషారు పుట్టింది. తెల్లవారుజామున అమ్మ నీళ్లు కాచుకునే రాడ్‌ను కూడా ఫోన్‌తో నడిపిస్తానన్నాడు. లెక్క నోటికే చెప్పాడు. ఇరవై లీటర్ల బకెట్, పదిహేను డిగ్రీల నుంచి నలభై ఐదుకు, పదిహేను వందల వాట్ల రాడ్ మీద అరగంట, ఖర్చు సుమారు ముప్పావు యూనిట్. పొద్దున నాలుగున్నరకు దానంతటదే మొదలవుతుంది.

అమ్మ అంతా విన్నది. "బకెట్ల నీళ్లు ఎవరు పోస్తరు బిడ్డా?"

"నువ్వే అమ్మా, రాత్రి పోసి పెడితే చాలు."

"రాడ్ ఎవరు ఏస్తరు?"

"అదీ నువ్వే."

"మల్ల స్విచ్చి ఎయ్యనీకి నా చేతులకేమైంది?"

అసలు భయం అది కాదు. నీళ్లు పోయడం మరిచిపోయిన రాత్రి కూడా నాలుగున్నరకు రాడ్ వెలుగుతుంది. ఖాళీ బకెట్లో వెలిగిన రాడ్ ఏం చేస్తుందో ఆమెకు తెలుసు, ప్రోగ్రాముకు తెలియదు. పైగా మామూలు ప్లగ్గు ఆరు ఆంపియర్లది, ఆ రాడ్ ఆరున్నర లాగుతుంది. ఈ ముక్క తెలిసినవాడు మావోడే, తెలిసీ ఊరుకున్నాడు. అమ్మకు ఆంపియర్లు తెలియకపోయినా పథకం అక్కడితో రద్దయింది.

మళ్లీ ఎండలు ముదిరాక ఒకరోజు అంకుల్ సబ్ మీటరు చూడ్డానికి పైకొచ్చి డబ్బాను చూశాడు.

"గిదేంది తమ్మీ, స్వీటు డబ్బల ఎర్రలైటు?"

"స్మార్ట్ హోమ్ అంకుల్."

"హోమ్ నాది గద?"

దీనికి ఈసీఈలో జవాబు లేదు, నాకు తెలిసిన అధికరణల్లోనూ లేదు. కాసేపాగి ఆయన అసలు ప్రశ్న వేశాడు. "కరెంటు ఎంత తింటది?"

మావోడు రొమ్ము విరుచుకున్నాడు. "ఒక్క వాట్ అంకుల్. నెలకు 720 గంటలు. అంటే 0.72 యూనిట్. ముప్పావు కూడా లేదు." అంకుల్ జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆ అంకె రాసుకున్నాడు. ఎందుకో అప్పుడు మాకు తెలియలేదు.

ఆయన బాధ ఆయనది. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద రెండు వందల యూనిట్ల దాకా సున్నా బిల్లు వస్తోంది. ఆ గీత దాటితే మాత్రం మొత్తం బిల్లు కట్టాలి. రెండు వందలు దాటిన ఇంటికి మొదటి రెండు వందలకు యూనిట్‌కు 5 రూపాయల 10 పైసలు, ఆపైన వందకు 7 రూపాయల 70 పైసలు. రెండు వందలు కాలిస్తే సున్నా, రెండు వందల ఒకటి కాలిస్తే 1,027 రూపాయల 70 పైసలు, దానిమీద ఫిక్సుడు చార్జీలు వగైరా. తెలంగాణలో అంత ఖరీదైన యూనిట్ ఇంకోటి లేదు. కింద వాళ్ల ఇల్లు, పైన మా గది, అన్నిటికీ కరెంటోళ్ల దృష్టిలో ఒకటే మీటరు. (సున్నా బిల్లు వచ్చిన నెల కూడా మాకు యూనిట్ ఎనిమిదే. ఆ ఎనిమిది ఎటు పోతుందో సిలబస్‌లో లేదు.)

మావోడు ఇక్కడే తన జీవితంలోకెల్లా పనికొచ్చే ఆలోచన చేశాడు. మీటరు మీద చిన్న ఎర్రలైటు మినుకుతుంటుంది, గమనించారో లేదో. పక్కనే '3200' అని రాసి ఉంటే 3,200 మినుకులకు ఒక యూనిట్ అని. సీలు ముట్టకుండా, మీటరు విప్పకుండా, వెలుతురు పసిగట్టే సెన్సర్‌ను అట్టముక్కకు గుచ్చి దాని ఎదురుగా నిలబెడితే మినుకులు లెక్కపెట్టుకోవచ్చు. అలా కింద మీటరు దగ్గర ఇంకో డబ్బా వెలిసింది. ఈసారి ఇంటివాళ్ల వైఫై దొరికింది. అంకుల్ ఫోన్‌కు గంటగంటకూ యూనిట్లు వచ్చేవి, 150 దగ్గర ఒక హెచ్చరిక, 180 దగ్గర ఇంకొకటి. మా గదిని స్మార్ట్ చేద్దామనుకున్నది కాస్తా ఆయన్ను స్మార్ట్ చేసింది.

ఆ నెల మొత్తం ఇంట్లో ఎమర్జెన్సీ, 352వ అధికరణ. నూట ఎనభై దాటాక పొద్దుగూకితే కూలర్ బంద్, టీవీ బంద్. "పైన ఫ్యాను రెండు మీద పెట్టుకోండ్రి!" అని మెట్ల మీంచి ఆంటీ కేక. పక్క జిల్లా రామగుండంలో ఎన్టీపీసీ పాత స్టేషనే 2,600 మెగావాట్లు, 1983 నుంచి వెలుగుతోంది. అక్కడి జలాశయం మీద 2022లో ఇంకో వంద మెగావాట్ల సోలార్ పలకలు తేలేశారు. ఇవన్నీ నేను చీకట్లో, డాబా మీద చాప వేసుకుని వల్లె వేసుకున్నాను.

అంతా గాడిలో పడిందనుకునేసరికి హైదరాబాద్ నుంచి కూతురూ అల్లుడూ దిగారు. అంకుల్ ఫోన్ ఆగకుండా మోగడం మొదలెట్టింది. రెండో రోజు భోజనాల దగ్గర ఆయన అల్లుడి ఏసీ వంకా, ఫోన్ వంకా మార్చి మార్చి చూస్తుంటే ఆంటీ ఫోన్ లాక్కుని బియ్యం డబ్బాలో పడేసింది. "అల్లుడు వొచ్చినంక లెక్కలు జూస్తరా ఎవరన్నా?" వాళ్లు వెళ్లాక తీసి చూస్తే నూట తొంభై ఆరు.

రీడింగు రోజు పొద్దున నూట తొంభై తొమ్మిది. అంకుల్ గేటు దగ్గర కుర్చీ వేసుకుని మీటరు రీడరు కోసం కూచున్నాడు. ఫ్రిజ్ కూడా ఆపేద్దామంటే పాలు విరుగుతాయని ఆంటీ ఒప్పుకోలేదు. పదకొండు గంటలకు రావలసిన మనిషి, ఎండకు ఎక్కడ ఆగాడో, మూడున్నరకు వచ్చాడు. చేతిలో మిషను చీటీని కక్కింది.

రెండు వందల ఒకటి.

మమ్మల్ని కిందికి పిలిచారు. అంకుల్ అరవలేదు, అదే మాకు ఎక్కువ భయం వేసింది. జేబులోంచి చిన్న పుస్తకం తీసి, పాత పేజీ వెతికి, వేలు పెట్టి చూపించాడు.

"నువ్వే జెప్పినవ్ తమ్మీ. ఒక డబ్బా 0.72. పైనొకటి, కిందొకటి. ఎంతైంది?"

"1.44 అంకుల్" అన్నాడు మావోడు. లెక్క అడిగితే ఆగలేడు వాడు.

"201ల గది తీసెయ్."

"199... పాయింటు 56."

"ఇగో" అని అంకుల్ బిల్లు చీటీ వాడి చేతిలో పెట్టాడు. "ఇది మీది. ఆ ఫిక్సుడు చార్జీ నేను కడ్త తియ్."