అతిథికి ప్రాణగండం: వాడే విధానం

మీ దేశానికి ఒక దేశాధినేత వస్తున్నారు. ఆయన ప్రాణాలకు ముప్పుందని కబురు వచ్చింది. మీరు మంత్రి కావచ్చు, ప్రతిపక్ష నేత కావచ్చు, పోలీసు అధికారి కావచ్చు. ఏ పదవీ లేకుండానే ఆదివారం ఆక్లండ్‌లో ఎవరింట్లోనో భోజనాలయ్యాక సోఫాలో కూర్చుని దేశాలు నడిపే తెలుగువారిలో ఒకరు కావచ్చు. ఎవరైనా సరే, కంగారు పడకండి. ప్రాణగండం చాలా విలువైన సరుకు. తొందరపడితే ఒక్క రోజులో వార్తయి పోతుంది. ఓపికగా వాడుకుంటే తరాలు తింటాయి. ఈ విద్యలో నాకు తెలిసిన మేటి గురువు న్యూజిలాండ్. గొడవలంటే గిట్టని ప్రశాంత దేశమని దానికి పేరు. ఆ పేరు ఊరికే వచ్చిందనుకుంటున్నారా?

ముందు వచ్చే అతిథి ఎవరో తేల్చుకోండి. ఇది అనుకున్నంత తేలిక కాదు. రెండో ఎలిజబెత్ రాణి 1953 నుంచి 2002 దాకా న్యూజిలాండ్‌కు పదిసార్లు వచ్చారు. వచ్చినప్పుడల్లా జెండాలు, పూలగుత్తులు, బడిపిల్లల వరసలు. చిక్కేమిటంటే ఆమె అప్పట్లో ఆ దేశానికే దేశాధినేత. తన సొంత దేశానికి చుట్టపుచూపుగా వచ్చి వెళ్లే దేశాధినేత అన్నమాట. ఇలాంటి అతిథి దొరికితే మీ పని సగం అయినట్టే. ఆమెకు ఏమైనా జరిగితే అది విదేశాంగ వ్యవహారమా, ఇంటి విషయమా అన్నది తేలేలోపు పత్రిక సంచిక మారిపోతుంది.

ఇప్పుడు అసలు పాఠం. శబ్దం వినిపించిన వెంటనే దానికి పేరు పెట్టండి. ఆలస్యం చేస్తే ఎవరో ఒకరు నిజం పేరు పెట్టేస్తారు.

1981 అక్టోబర్ 14. దక్షిణ దీవిలోని డునెడిన్ నగరం. రాణి, ఆమె భర్త ఒటాగో మ్యూజియం దగ్గర కారు దిగి జనం వైపు నడుస్తున్నారు. టప్పుమని శబ్దం. అక్కడున్నవారు, ముఖ్యంగా రాణి వెంట వచ్చిన బ్రిటిష్ విలేకరులు, ఏమిటని అడిగారు. ఏదో బోర్డు కింద పడిందన్నారు పోలీసులు. ఆ తర్వాత ఎవరో దగ్గర్లో బాణసంచా కాల్చారన్నారు. రెండు కథలెందుకన్న అనుమానం మీకు రావచ్చు. ఒక్క కథ చెబితే అది నిజమా అబద్ధమా అని అడుగుతారు. రెండు చెబితే రెండింట్లో ఏది అని అడుగుతారు. మూడోది ఉందేమోనన్న ఊహ ఎవరికీ రాదు.

ఆ మూడోదే జరిగింది. పక్కనున్న భవనం అయిదో అంతస్తు నుంచి క్రిస్టఫర్ జాన్ లూయిస్ అనే పదిహేడేళ్ల కుర్రవాడు .22 రైఫిల్‌తో కాల్చాడు. గుండు ఎవరికీ తగల్లేదు. కుర్రవాడు కొద్ది రోజుల్లోనే దొరికాడు. అప్పుడు రెండో మెట్టు వచ్చింది: నేరానికి పేరు పెట్టడం.

ఇక్కడ కొంచెం ఆగి ఆ సంవత్సరాన్ని చూడండి. మార్చిలో వాషింగ్టన్‌లో రీగన్ మీద కాల్పులు. మేలో వాటికన్‌లో పోప్ మీద కాల్పులు. జూన్‌లో లండన్ కవాతులో గుర్రం మీద వస్తున్న ఈ రాణి మీదే ఇంకో పదిహేడేళ్ల కుర్రవాడు ఆరు ఉత్తుత్తి తూటాలు పేల్చాడు. అక్టోబర్ 6న కైరోలో ఈజిప్టు అధ్యక్షుడు సాదత్‌ను సైనిక కవాతులోనే చంపేశారు. దానికి సరిగ్గా ఎనిమిది రోజుల తర్వాత డునెడిన్. లండన్ కుర్రవాడి మీద బ్రిటన్ 1842 నాటి రాజద్రోహ చట్టాన్ని దుమ్ము దులిపి బయటికి తీసి అయిదేళ్ల శిక్ష వేసింది. అతని తూటాల్లో గుండే లేదు. డునెడిన్ కుర్రవాడి తూటాలో గుండు ఉంది. అతని మీద పెట్టిన అభియోగం: బహిరంగ స్థలంలో తుపాకీ కలిగి ఉండటం, దాన్ని పేల్చడం. వేరే దోపిడీ కేసు కూడా కలిపి మూడేళ్లు. హత్యాయత్నం లేదు, రాజద్రోహం అసలే లేదు. న్యూజిలాండ్‌లో అప్పటికి రాజద్రోహానికి మరణశిక్ష చట్టంలో ఇంకా ఉంది, 1989లో గానీ తీసేయలేదు. మరణశిక్ష పడదగ్గ నేరం జరిగిందని ఒప్పుకుంటే బోర్డు పడిందన్న మాట ఎక్కడ పెట్టుకోవాలి? కాబట్టి నేరాన్ని కథకు సరిపడేలా కత్తిరించుకోండి. దర్జీ కొలతలు తీసుకునేది గుడ్డను బట్టి.

అప్పట్లో ప్రధాని రాబర్ట్ మల్డూన్. ఆయన మీద జాలి పడకుండా ఈ పాఠం అర్థం కాదు. ఆ జులై నుంచి సెప్టెంబర్ దాకా వర్ణవివక్ష నాటి దక్షిణాఫ్రికా రగ్బీ జట్టు పర్యటనతో దేశం రెండుగా చీలిపోయింది. ఇరవై ఎనిమిది ఊళ్లలో రెండువందలకు పైగా ప్రదర్శనలు, లక్షన్నర మంది జనం, పదిహేను వందల మంది మీద కేసులు. ఆక్లండ్‌లో ఆఖరి మ్యాచ్ జరుగుతుంటే ఒక చిన్న విమానం ఈడెన్ పార్క్ మీద చక్కర్లు కొడుతూ పిండి పొట్లాలు విసిరింది. ఆ పర్యటన పుణ్యమా అని ఆక్లండ్‌లో జరగాల్సిన కామన్వెల్త్ ఆర్థిక మంత్రుల సమావేశం బహామాస్‌కు తరలిపోయింది. నవంబర్ 28న ఎన్నికలు. ఇంతలో రాణి మీద తుపాకీ. మీరైతే ఏం చేసేవారు? రాజకుటుంబం ఇక ఈ గడప తొక్కదన్న భయంతోనే పైనుంచి నోళ్లు మూయించారని ఆ కేసు తెలిసిన ఒక మాజీ డిటెక్టివ్ తర్వాత పుస్తకమే రాశాడు. అది ఆయన ఆరోపణ. మల్డూన్ మాత్రం లేబర్ పార్టీ కంటే తక్కువ ఓట్లు తెచ్చుకుని కూడా, 92 సీట్లలో 47తో గట్టెక్కాడు. బోర్డు ఎన్ని ఓట్లు తెచ్చిందో ఎవరూ లెక్కగట్టలేదు.

విలేకరులకొక చిట్కా కూడా ఈ ఉదంతంలోనే ఉంది. ఆ రోజుల్లోనే న్యూజిలాండ్ గూఢచారి సంస్థ ఎస్‌ఐఎస్ తన కాగితాల్లో రాసుకుంది: దర్యాప్తు గుట్టుగా సాగింది, విలేకరుల్లో చాలామంది అది బాణసంచా శబ్దమనే అనుకుంటూ ఉండవచ్చు అని. మిమ్మల్ని ఎంత తేలిగ్గా నమ్మించారో తెలుసుకోవాలంటే మీకున్న దారి, వాళ్ల ఫైలు ఎప్పటికైనా బయటికొస్తుందని ఆశపడటమే.

ఇంతదాకా చెప్పింది నిజంగా తుపాకీ పేలినప్పుడు పాటించవలసిన పద్ధతి. తుపాకీ లేనప్పుడు పద్ధతి పూర్తిగా తలకిందులు. అప్పుడు తగ్గించకూడదు, పెంచాలి. చేతిలో గుడ్డముక్క ఉన్నా అందులో ఆయుధాన్ని చూడగలగాలి.

1999 సెప్టెంబర్‌లో ఆక్లండ్‌లో ఆసియా-పసిఫిక్ ఆర్థిక సహకార కూటమి అపెక్ శిఖరాగ్ర సమావేశం అయ్యింది. క్లింటన్ వచ్చాడు, చైనా అధ్యక్షుడు జియాంగ్ జెమిన్ వచ్చాడు. క్రైస్ట్‌చర్చ్‌లో జియాంగ్‌కు విందు. బయట టిబెట్ జెండాలు పట్టుకున్న కొందరు. వాళ్ల చేతుల్లో తుపాకుల్లేవు, అట్టముక్కల మీద నినాదాలు. అతిథి కదల్లేదు. ఆందోళనకారులను పక్కకు నెట్టేదాకా విందు గంటకు పైగా ఆగింది. ఆ తర్వాత ఎన్నికలొచ్చాయి, ప్రధాని పదవిలోంచి జెన్నీ షిప్లీ పోయి హెలెన్ క్లార్క్ వచ్చింది, 2000 డిసెంబర్‌లో పార్లమెంటు కమిటీ నివేదిక ఇచ్చి పోలీసుల తీరును తప్పుబట్టింది. దీన్నుంచి నేర్చుకోవలసింది: అధికారంలో ఉన్నప్పుడు అతిథి మర్యాద గురించి మాట్లాడండి, పోయాక పౌరహక్కుల గురించి. క్లార్క్ ప్రభుత్వం 2008 ఏప్రిల్‌లో బీజింగ్ వెళ్లి స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం మీద సంతకం పెట్టింది. అభివృద్ధి చెందిన దేశాల్లో చైనాతో అలాంటి ఒప్పందం చేసుకున్న మొదటి దేశమని గర్వంగా చెప్పుకుంది. అప్పటికి నెల ముందే టిబెట్ రాజధాని లాసాలో నెత్తురు పారింది. రెండింటినీ ఒకే సభలో ప్రస్తావించకపోవడం కూడా ఒక కళే.

2010 జూన్‌లో ఇంకా మంచి నమూనా దొరికింది. అప్పటికి చైనా ఉపాధ్యక్షుడిగా ఉన్న షీ జిన్‌పింగ్ వెల్లింగ్టన్ పార్లమెంటు మెట్లెక్కుతున్నాడు. గ్రీన్ పార్టీ నాయకుడు రస్సెల్ నార్మన్ టిబెట్ జెండా పట్టుకుని నిలబడ్డాడు. ఆయన ఆ పార్లమెంటు సభ్యుడే. చైనా భద్రతా సిబ్బంది తోశారు, గొడుగు అడ్డం పెట్టారు, జెండా లాగేసుకున్నారు. నా జెండా నాకిచ్చేయండని సభ్యుడు తన పార్లమెంటు ముంగిట అరుస్తున్నాడు. ఇక వాదన మొదలు. తోసినవాళ్లు తప్పా, తోయించుకున్నవాడు తప్పా? దేశం కొన్నాళ్లపాటు ఈ ప్రశ్న మీద హాయిగా కాలక్షేపం చేసింది. గొడుగును భద్రతా సామగ్రిలో చేర్చిన ఘనత ఎవరిదో మాత్రం తేలలేదు.

చట్టం అడ్డొస్తే? మొహమాటపడొద్దు, చట్టాన్నే జరపండి. 1996లో క్రైస్ట్‌చర్చ్‌లో అపెక్ వాణిజ్య మంత్రుల సమావేశం. దాన్ని వ్యతిరేకించే అజీజ్ చౌధరీ ఇంట్లో ఎస్‌ఐఎస్ మనుషులు దొంగల్లా దూరారు. అది చూసిన మిత్రుడొకడు వాళ్ల గుట్టు బయటపెట్టాడు. వ్యవహారం కోర్టుకెక్కింది. గూఢచారి సంస్థకు ఇళ్లలో చొరబడే అధికారమే లేదని 1998లో అప్పీలు కోర్టు తేల్చింది. ప్రభుత్వం ఏం చేసింది? 1999లో చౌధరీకి క్షమాపణ చెప్పి పరిహారమిచ్చింది. అదే ఏడాది ఆ అధికారం ఇస్తూ చట్టం సవరించింది. ఒక చేత్తో క్షమాపణ, ఇంకో చేత్తో తాళంచెవి. ఎవరికీ అన్యాయం జరగలేదు.

ఆతిథ్యం సంగతికొస్తే, బెదిరించినవాణ్ణి బట్టి మర్యాద ఉండాలి. 1995లో రాణి మళ్లీ న్యూజిలాండ్ వచ్చారు. లూయిస్ అప్పటికి ముప్పై దాటిన మనిషి, జైలు బయట ఉన్నాడు. అతన్ని ఆక్లండ్‌కు ఈశాన్యంగా సముద్రంలో ఉన్న గ్రేట్ బ్యారియర్ దీవికి పంపారు. బస ఉచితం, చేతి ఖర్చులకు డబ్బు, తిరగడానికి జీపులాంటి బండి. తనకే రాజభోగంలా అనిపించిందని అతను రాసుకున్నాడు. అదే పని మనవాళ్లు ఎలా చేస్తారో చూడండి. 2017 నవంబర్‌లో హైదరాబాద్‌లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు. వచ్చేది అధినేత కూడా కాదు, అమెరికా అధినేత కూతురు ఇవాంకా ట్రంప్. పోలీసు కమిషనర్ రెండు నెలలపాటు నగరంలో భిక్షాటన నిషేధించాడు. బిచ్చగాళ్లను పట్టుకుని జైలు ఆవరణల్లోని ఆశ్రయాలకు చేర్చారు. గిన్నె పట్టుకుంటే జైలు ప్రాంగణం, రైఫిల్ పట్టుకుంటే సముద్రపు గాలి. పర్యాటక సంస్థలవారు గమనించగలరు.

ఇక ఆదివారం సోఫా బ్యాచ్‌కు. మీ వాదన ఎప్పుడూ అవతలివాడి ఊరితో మొదలవ్వాలి. ‘మీ రాణిగారి మీద తుపాకీ పేలితే దాచారటగా’ అని పక్కింటి కివీ పెద్దమనిషిని అడగండి. ‘మా క్లింటన్ వచ్చినప్పుడు హైదరాబాద్ ఎలా మెరిసిందో తెలుసా’ అని మీ బావగారు అందుకుంటారు. అది 2000 మార్చి 24 అని తేదీతో సహా చెప్పేవాడు ఒకడు ప్రతి గుంపులో ఉంటాడు. ఆ తర్వాత సంభాషణ సైబరాబాద్ వైపు, అక్కడి నుంచి రాజధాని వైపు వెళ్తుంది. రాణి ప్రాణం గురించి ఇంకెవరూ అడగరు. బిర్యానీ వేడి చేయమంటారు.

అన్నిటికంటే ముఖ్యం, ఫైలు ఎప్పుడు బయటపెట్టాలన్నది. మల్డూన్ 1992లో పోయాడు. లూయిస్ 1997లో హత్య కేసులో విచారణ కోసం ఎదురుచూస్తూ ఆక్లండ్ మౌంట్ ఈడెన్ జైల్లో చనిపోయాడు. జవాబు చెప్పాల్సినవాళ్లు లేరు, అడగాల్సినవాళ్లకు జ్ఞాపకం లేదు. సరిగ్గా అలాంటప్పుడు, 2018లో, ఒక వార్తాసంస్థ కోరితే ఎస్‌ఐఎస్ కాగితాలు విడుదల చేసింది. అందులో 1997 నాటి ఒక వాక్యం ఉంది. లూయిస్ మొదట రాణిని చంపాలనే అనుకున్నాడని, అయితే కాల్చడానికి అనువైన చోటు గానీ అంత దూరానికి సరిపడే శక్తిగల రైఫిల్ గానీ అతనికి లేవని దాని సారాంశం. ఇలాంటి వాక్యం రాయగల గుమాస్తా మీ దగ్గర ఉంటే జీతం పెంచండి. ‘చంపాలనే అనుకున్నాడు’ దగ్గర కోస్తే ముప్పై ఏడేళ్లు దాచారని అరవడానికి పనికొస్తుంది. ‘సరిపడే రైఫిల్ లేదు’ నుంచి చదివితే ముప్పే లేదు కదా, దాచడానికేముందని అడగడానికి పనికొస్తుంది. మీకు కావలసిన ముక్క మీరు తీసుకుని, రెండోది అవతలి పక్షానికి వదిలేయండి. వాళ్లకూ ప్రెస్‌మీట్ ఉంటుంది.