కప్పల తక్కెడ బావగారు

కారున్నవాళ్ళున్నారు, కారు లేనివాళ్ళున్నారు. ఈ రెండు జాతుల మధ్య, జనాభా లెక్కలవాళ్ళ కంటపడని మూడో జాతి ఒకటుంది. వాళ్ళు కారు కొనబోయేవాళ్ళు. మా అక్క మొగుడు ఆ జాతికి పెద్ద దిక్కు.

ఆయన కొనబోవడం మొదలై నాలుగేళ్ళు నిండాయి. పోటీలో ఉన్నవి రెండే. ఒకటి అయిదేళ్ళు వాడేసిన జర్మనీ డీజిల్ బండి, కొత్తలో ఎనభై లక్షల పైమాట, ఇప్పుడు సగానికంటే తక్కువకి వస్తుంది. రెండోది దాదాపు అదే డబ్బుకి వచ్చే సరికొత్త ఎలక్ట్రిక్ కారు. ఈ రెంటినీ ఆయన తూస్తూ ఉంటారు. మన పెద్దలు కప్పల తక్కెడ అన్నారే, అచ్చంగా అదే వ్యవహారం. ధర అనే కప్పని పళ్ళెంలో కుదురుగా కూర్చోబెట్టేసరికి ఇన్సూరెన్సు గెంతుతుంది. దాన్ని పట్టుకొచ్చేసరికి రీసేల్ వాల్యూ ఎటో పోతుంది.

పోనీ చేతకాని మనిషా అంటే, కాదు. ఆయన బ్యాంకులో చీఫ్ మేనేజర్. ఊళ్ళోవాళ్ళ కారు లోన్లు రెండు కాఫీల మధ్య సాంక్షన్ చేసి పారేస్తారు. ఇంటినుంచి బ్యాంకు నాలుగు కిలోమీటర్లు. ఏడాదికి రెండుసార్లు తెనాలి, సంక్రాంతికొకసారి, ఎవరి పెళ్ళికో ఒకసారి. నిజాంపేట నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి చుట్టాల్ని దింపడాలూ అవీ ఎంత సాగదీసి కలిపినా ఏడాదికి ఆరు వేల కిలోమీటర్లు దాటదు. ఈ ఆరు వేలనీ పన్నెండేళ్ళుగా ఒక వ్యాగనార్ ఏ గొడవా చేయకుండా మోస్తోంది. దాని మంచితనమే దాని కొంప ముంచింది. ఆయన దృష్టిలో అది కారు కాదు, కారు వచ్చేదాకా ఉన్న ఏర్పాటు.

డీజిల్ బండి మీద మోజుకి మూలం తెనాలిలో ఉంది. పెదనాన్నగారి అబ్బాయి ఫార్చ్యూనర్‌లో దిగుతాడు. అది వీధి మలుపులో ఉండగానే అందరికీ తెలుస్తుంది. అరుగుల మీదివాళ్ళు లేచి నిలబడతారు. వ్యాగనార్ గుమ్మం ముందు ఆగితే, "ఏవమ్మా, ఆటోకి ఎంత ఇచ్చారూ?" అని పక్కింటి మామ్మగారు అడిగిన సందర్భం ఒకటుంది. ఆమెకి చూపు సరిగా ఆనదని డాక్టరు చెప్పినా బావగారు నమ్మలేదు.

సెకండ్ హ్యాండ్ బండి చూడ్డానికి ఆయన వెళ్ళే తీరు చూసి తీరాల్సిందే. కొండాపూర్ వైపు యార్డులో కుర్రాడు ఏసీ ఆన్ చేసి, "డాక్టర్ గారు వాడిన బండి సార్, ఫస్ట్ ఓనర్, షోరూమ్ ట్రాక్" అంటాడు. హైదరాబాదులో అమ్మకానికొచ్చే ప్రతి పెద్ద బండినీ డాక్టరే వాడి ఉంటాడు. ఇంతమంది డాక్టర్లు ఇన్ని బండ్లు వదిలించుకుంటూ ఉంటే రోగుల్ని ఎవరు చూస్తున్నారో! బావగారు బండికేసి చూడరు. ముందు సీటు బెల్టు చివరిదాకా బయటికి లాగుతారు. 2020 అక్టోబరు వరదల్లో మునిగిన బండయితే బెల్టు అడుగున మట్టి మరక ఉంటుందట. తర్వాత వంగి టైరు పక్కన నాలుగంకెలు చదువుతారు. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. మీటరు చూస్తే ముప్పై వేలు, టైర్లు మాత్రం రెండో జత! "డాక్టర్ గారు ముప్పై వేలకే టైర్లు అరగదీశారా? అంబులెన్సుగా కూడా దీన్నే వాడారా?" అని కళ్ళజోడు పైనుంచి చూస్తారు. ఆనక జేబులోంచి స్కానరు తీసి స్టీరింగు కింద గుచ్చి, ఫోనులో వచ్చిన కోడ్‌లు పైకి చదువుతారు. ఈలోగా టీ వస్తుంది. టీ తాగి, ఎన్‌ఓసీ సంగతి అడుగుతారు.

ఎందుకంటే సగం బండ్లు ఢిల్లీవి. అక్కడ పదేళ్ళు దాటిన డీజిల్ బండి రోడ్డెక్కకూడదని హరిత ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టూ ఆ మాటే నిలబెట్టింది. 2025లో ఆ పట్టు కొంత సడలిందిగానీ, అప్పటికే అక్కడివాళ్ళ గుండెల్లో రాయి పడింది. అయిదేళ్ళ బండికి అక్కడ సగం ఆయుష్షు అయిపోయినట్టే, ఇక్కడికొస్తే రిజిస్ట్రేషను గడువు పదిహేనేళ్ళు. "మూసీ నీళ్ళు తాగితే ఆయుష్షు పెరగడం బండ్లకే చెల్లింది" అంటారు బావగారు. అని, ఇక్కడ లైఫ్ టాక్స్ ఎంత కట్టాలో వినగానే ఆ బండి ఢిల్లీలోనే సుఖంగా ఉండాలని దీవిస్తారు.

అసలు దెబ్బ మూసాపేట మెకానిక్ కొట్టాడు. ఒక ఆదివారం నన్నూ వెంటేసుకుని ఆయన ఒక బండిని అక్కడికి పట్టుకుపోయారు. మెకానిక్ బానెట్ మూసి, చేతులు తుడుచుకుంటూ, "సార్, బండి మంచిగనే ఉన్నది. మీరు రోజు ఎంత తిరుగుతరు?" అన్నాడు. నాలుగు పోనూ నాలుగు రానూ అన్నారు బావగారు. అతను నవ్వాడు. "గట్లయితే వద్దు సార్. సైలెన్సర్ లైన్ల ఫిల్టర్ ఉంటది. పొగల మసి అండ్లనే జమైతది. ఇంజన్ మంచిగ వేడెక్కి హైవే మీద గుంజితేనే గా మసి కాలిపోతది. బ్యాంకుకు పోయి బ్యాంకుకెల్లి వస్తుంటే జామ్ అయితది. వారానికొక్కపారి ఔటర్ ఎక్కియ్యాలె."

2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వచ్చాక డీజిల్ కార్లకి ఈ ఫిల్టరు తప్పని తద్దినమైంది. మెకానిక్ చెప్పింది అక్షరాలా నిజం, ఊరికే భయపెట్టడం కాదు. బావగారు మాత్రం దాన్ని సలహాగా తీసుకోలేదు, లెక్కగా తీసుకున్నారు. ఔటర్ రింగ్ రోడ్డు చుట్టు 158 కిలోమీటర్లు. లీటరుకి తొమ్మిది చొప్పున పదిహేడున్నర లీటర్లు. డీజిలు తొంభై అయిదు దాటి ఉంది కాబట్టి వారానికి 1,650 పైచిలుకు, టోలు వేరు. "అంటే ప్రతి ఆదివారం శంషాబాదూ ఘట్‌కేసరూ చుట్టి, ఎక్కడా దిగకుండా ఇంటికి రావాలి. ఎందుకూ? మసి వదలడానికి!" అని దారిలో రెండుసార్లు అన్నారు. ఇంటికొచ్చాక ఆ ఆదివారాల్లోనే యాదగిరిగుట్ట దర్శనం కలుపుకుంటే పుణ్యంతో పాటు ఖర్చు కూడా సరిపెట్టవచ్చని డైరీలో రాసుకున్నారు.

ఆ బండికి యూరియా నీళ్ళు కూడా పోయాలి. పొగలోని విషవాయువుని విరగ్గొట్టడానికి, శుద్ధి చేసిన నీటిలో 32.5 శాతం యూరియా కలిపిన ద్రావణం వేరే ట్యాంకులో పోస్తారు. అది అయిపోతే బండి ముందు హెచ్చరిస్తుంది, ఆ తర్వాత స్టార్టు కానంటుంది. ఈ సంగతి ఫోన్లో తెనాలిలో పెదనాన్నగారికి చెప్పారు. 2025 వానాకాలంలో రైతులు యూరియా కోసం చెప్పులు వరసలో పెట్టి పడిగాపులు కాసిన రోజులు పెద్దాయన మర్చిపోలేదు. "పొలానికే బస్తా దొరక్క చస్తుంటే కారుకి పోస్తావుట్రా?" అని ఫోను పెట్టేశారు.

దాంతో తక్కెడ ఎలక్ట్రిక్ వైపు వాలింది. ఒక వారం.

ఆ వారంలో షోరూముకి వెళ్ళాం. మహీంద్రావాళ్ళు 2024 నవంబరులో విడుదల చేసిన ఎక్స్‌ఈవీ 9ఈ చూపించారు. పెద్ద బ్యాటరీ 79 యూనిట్లది, సర్టిఫికెట్టు మీద 656 కిలోమీటర్లు. ఏ కంపెనీదైనా ఆ అంకె ప్రయోగశాలలో పుట్టిందే. రోడ్డు మీద ఏసీ వేసుకుని నలుగురు కూర్చుంటే తగ్గుతుంది. తగ్గినా తెనాలి మూడు వందల కిలోమీటర్లే కాబట్టి ఒక్క చార్జింగుతో దిగిపోవచ్చు. బావగారు దీన్ని ఒప్పుకోలేదు. "సంక్రాంతికి పంతంగి టోల్ గేటు దగ్గర మూడు గంటలు ఆగిపోతే?" అన్నారు. ఆగిన ఎలక్ట్రిక్ బండి ఏసీకి తప్ప దేనికీ కరెంటు తినదనీ, నిలబడి ఉత్తపుణ్యాన నూనె తాగేది డీజిలేననీ షోరూము అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. ఆయన తల ఊపి, కొత్త కప్పని దింపారు. "సూర్యాపేటలో చార్జరు దగ్గర నాకంటే ముందు ఆరుగురుంటే?"

టెస్ట్ డ్రైవ్‌లో మాత్రం యాక్సిలరేటరు మీద కాలు పెట్టగానే కళ్ళు పెద్దవయ్యాయి. ఆ ఊపుకి వెనక సీట్లో నా టీ నా చొక్కా మీదికొచ్చింది. దిగాక చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఇంత నిశ్శబ్దంగా ఊళ్ళోకి పోతే ఎవరికి తెలుస్తుందయ్యా? దొంగతనానికి పోయినట్టుంటుంది" అన్నారు. నాలుగేళ్ళలో ఆయన నోటినుంచి వచ్చిన ఏకైక నిజాయితీ గల మాట అదేనని నా అభిప్రాయం.

ఇంక అపార్టుమెంటు. సెల్లారులో చార్జరు పెట్టుకుంటామని అడిగితే అసోసియేషను మీటింగు పెట్టారు. 7.2 కిలోవాట్ల పెట్టె గోడకి బిగిస్తే ఖాళీ బ్యాటరీ దాదాపు పన్నెండు గంటల్లో నిండుతుంది, అంటే రాత్రి భోంచేసి పెడితే పొద్దున్నకి తయారు. ఇందులో చర్చకేముంది? కానీ రెండున్నర గంటలు చర్చించారు. "అది పేలితే?" అన్నారు రెండో అంతస్తు ఆయన. ఆయన బాల్కనీలో రెండు నిండు గ్యాస్ సిలిండర్లున్నాయి. కరెంటు బిల్లు ఎవరి మీటరులో అన్నారు ఇంకొకరు. లిఫ్టు రిపేరు సంగతి ఎప్పుడు తేలుస్తారు అన్నారు వేరొకరు. ఈ మీటింగులో బావగారు ఎంత విషయం చెప్పారంటే, చివర్లో ఆయన్నే పార్కింగ్ కమిటీ కన్వీనరుగా ఎన్నుకున్నారు. చార్జరు మంజూరయింది. బండి ఇంకా లేదు గనక వాయిదా వేయమని ఆయనే రాసిచ్చారు.

ఈ మొత్తం వ్యవహారంలో అక్క ఒక్కసారే నోరు విప్పింది. ఆ రాత్రి ఆయన తుది లెక్క చదివి వినిపించారు. ఏడాదికి ఆరు వేల కిలోమీటర్లకి డీజిలు దగ్గర దగ్గర 64 వేలు. ఎలక్ట్రిక్ అయితే యూనిట్టు పది రూపాయలనుకున్నా పది వేలు. కాబట్టి ఆదా 54 వేలు. అక్క చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, "ముప్పై అయిదు లక్షలు మీ బ్యాంకులోనే ఫిక్సెడ్ వేస్తే ఎంతొస్తుంది?" అంది. ఆరున్నర శాతానికి రెండు లక్షల ఇరవై ఏడు వేలు అన్నారాయన, వృత్తి ధర్మం కొద్దీ తడుముకోకుండా. "కిలోమీటరుకి ఇరవై రూపాయలిచ్చి ఆరు వేల కిలోమీటర్లూ క్యాబులోనే తిరిగితే లక్షా ఇరవై. వడ్డీతోనే తిరిగొచ్చు, పైన లక్ష మిగులుతుంది. ఆ లక్షతో మీరు ఎన్ని యార్డులైనా చూసుకోండి" అంది. ఆయన కాసేపు ఆలోచించి, రుడాల్ఫ్ డీజిల్ గురించి చెప్పడం మొదలుపెట్టారు.

ఓడిపోయినప్పుడు ఆయన చరిత్రలోకి వెళ్ళిపోతారు. 1900లో పారిస్ ప్రదర్శనలో డీజిల్ ఇంజను వేరుశనగ నూనెతో నడిచిందని తెలిసినప్పటినుంచి అనంతపురం జిల్లా మీద ఆయనకి అపారమైన గౌరవం. "పల్లీ నూనెతో నడిచిన ఇంజనయ్యా అది! మనది మనం వదులుకున్నాం" అంటారు. ఎలక్ట్రిక్ వైపు మొగ్గిన రోజున ఇదే కథ ఇంకోలా సాగుతుంది. "ఆ ఇంజను కనిపెట్టినాయన 1913లో ఓడెక్కి రాత్రికి రాత్రి మాయమయ్యాడు. తెల్లారి చూస్తే గదిలో లేడు. అలాంటి శకునం ఉన్న బండి మనకెందుకు?"

ఆయన అసలు సిద్ధాంతం వేరే ఉంది. ఆగడం ఆదాయం. చూసిన బండి ఏడాది తర్వాత నాలుగు లక్షలు తగ్గితే, ఆ నాలుగు లక్షలూ తాను సంపాదించినట్టు రాసుకుంటారు. 2025 సెప్టెంబరు 22న పెద్ద కార్ల జీఎస్టీ, సెస్సు కలిపి యాభై దాకా ఉన్నది నలభై శాతానికి దిగింది. ఆ రోజు ఆయన బ్యాంకులో స్వీట్లు పంచారు. కొన్నందుకు కాదు, కొననందుకు. ఎలక్ట్రిక్ మీద అయిదు శాతమే అలాగే ఉంది గనక అటువైపు ఆదాయం లేదని కొంచెం చిన్నబుచ్చుకున్నారు. తెలంగాణలో ఎలక్ట్రిక్ వాహనాలకి 2026 డిసెంబరు 31 దాకా రోడ్డు టాక్సూ రిజిస్ట్రేషను ఫీజూ లేవన్న జీవో ఒక్కటే ఆయనకి నచ్చని విషయం. గడువంటే ఆయనకి గిట్టదు. గడువున్న చోట మనిషి నిర్ణయం తీసుకోవాల్సి వస్తుంది.

నాకేమనిపిస్తుందంటే, కొన్న మర్నాటినుంచి ఆయన్ని ఎవరూ పట్టించుకోరు. ఇప్పుడు నాలుగు షోరూములవాళ్ళు పండగలకి మెసేజీలు పెడతారు, యార్డులో కుర్చీ తుడిచి వేస్తారు, పెళ్ళిళ్ళలో బఫే దగ్గర పదిమంది చుట్టూ చేరి "డీజిలా, ఎలక్ట్రిక్కా, ఏదంటారు?" అని అడుగుతారు. కొన్నవాడి దగ్గర ఉండేది వాయిదా. కొనబోయేవాడి దగ్గర సమస్త వాహనాలూ ఉంటాయి.

పై అంతస్తులో కొత్తగా దిగిన సాఫ్ట్‌వేర్ దంపతులు పోయిన నెల సలహాకి వచ్చారు. "రోజుకెంత తిరుగుతారు?" అన్నారు బావగారు. డెబ్బై అన్నారు వాళ్ళు. "సొంత పార్కింగు ఉందా? ఉంది. ఊరెక్కడ? నల్గొండ. మరింకేం, కళ్ళు మూసుకుని ఎలక్ట్రిక్ తీసుకోండి. బ్యాటరీకి ఎనిమిదేళ్ళ వారంటీకి తక్కువ ఒప్పుకోకండి" అన్నారు. మూడు నిమిషాలు పట్టలేదు. కమిటీ కన్వీనరు హోదాలో వాళ్ళ చార్జరు అర్జీ మీద అక్కడికక్కడే సంతకం కూడా పెట్టారు.

వాళ్ళు నిజంగానే కొనేశారు. పెద్దమ్మ గుడిలో పూజ చేయించి, పచ్చ నంబరు ప్లేటుకి బంతిపూల దండ వేసి, నిమ్మకాయలు తొక్కించి, తిన్నగా మా బావగారి గుమ్మం ముందుకొచ్చారు. మొదటి రౌండు మీరే నడపాలంకుల్ అని తాళం చేతికిచ్చారు. ఆయన వెళ్ళి కాలనీ చుట్టూ ఒక చుట్టు చుట్టి వచ్చారు. దిగారు. టైరు దగ్గర వంగి నాలుగంకెలు చదివారు. తాళం తిరిగిచ్చి, ఆ అబ్బాయి భుజం మీద చెయ్యి వేశారు.

"బండి బ్రహ్మాండంగా ఉందయ్యా. కాకపోతే మీరు కొంచెం తొందరపడ్డారు."