ఓఆర్‌ఎస్ పొట్లానికి టీకా తాత్పర్యం

మూలము: ఈ పొట్లములోని పొడి మొత్తమును ఒక లీటరు మంచినీటిలో కలిపి త్రాగవలెను.

టీకా: పొట్లములోని = ఎండాకాలమున ఎర్రగుంట్ల మందుల షాపుల్లో గల్లాపెట్టె పక్కనే పేర్చియుండు పొట్లమునందలి; పొడి మొత్తమును = సగమిప్పుడు, సగము రేపు అనక; ఒక లీటరు = గ్లాసు గాదు, చెంబు గాదు; మంచినీటిలో = నోట పెట్టలేని బోరునీటిలో గాక; కలిపి = అడుగున పలుకు మిగలనట్లు; త్రాగవలెను = గటగట గాక, గుక్కగుక్కగా.

తాత్పర్యము: ఇందులో వ్యాఖ్యానించడానికి ఏముందని అడిగేవారు 'ఒక లీటరు' దగ్గర ఆగి చూడలేదన్నమాట. తాగిన నీళ్లు పేగులో ఉన్నంతసేపూ ఒంటికి బయట ఉన్నట్టే లెక్క. పేగు గోడ కణాలను, వాటి సందులను దాటితేనే రక్తంలో కలుస్తాయి. నీళ్లనే తోడే పంపు ఏ కణంలోనూ కనబడలేదు. ఉప్పూ చక్కెరా ఎటు ఎక్కువైతే నీళ్లు అటే పోతాయి. పంపు ఉన్నది సోడియానికి. కణంలో రక్తం వైపు పొరలో ఉండే ఆ పంపు ఒక విడతకు 3 సోడియం అయాన్లను బయటికి నెట్టి, 2 పొటాషియం అయాన్లను లోపలికి తీసుకుంటుంది. 1957లో జెన్స్ స్కో దీన్ని పట్టుకున్నాడు. విడతకు కణానికి ఇంధనమైన ఏటీపీ అణువు ఒకటి ఖర్చు. 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆ ఏటీపీని కనిపెట్టినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే (అదే ఏడు జర్మనీలో లోమన్‌కూ అది దొరికింది). పంపు తోడేకొద్దీ కణంలో సోడియం తరుగుతుంది, పేగులోని సోడియం లోపలికి రావాలని చూస్తుంది. పేగు వైపున్న ఎస్‌జీఎల్‌టీ1 అనే తలుపు మాత్రం రెండు సోడియం అయాన్ల వెంట ఒక గ్లూకోజు కూడా ఉంటేనే తెరుచుకుంటుంది. ఈ జంట ప్రయాణాన్ని 1960లో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించాడు. జంట లోపలికి వెళ్లాక నీళ్లు వాటి వెనకే నడుస్తాయి.

ఇక్కడొక పూర్వపక్షం: చక్కెర వేసింది రుచికీ ఓపికకూ కాదా? పొట్లంలో గ్లూకోజు 13.5 గ్రాములు, దాంతో వచ్చే ఓపిక పిడికెడు సంగటికి సరిరాదు; దాని అసలు పని ఆ తలుపు తెరవడమే. పైగా కలరా విషం పేగులోకి ఉప్పునూ నీళ్లనూ ఒలకబోయించినా ఈ తలుపును మాత్రం చెడగొట్టదు. 1971లో బనగావ్ కాందిశీకుల శిబిరంలో డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి, అప్పటిదాకా 30 శాతం దాకా ఉన్న మరణాలను 4 శాతం లోపుకు దించింది ఈ దారినే. అయితే చిక్కగా కలిపితే ఇంకా గుణం కదా అని రెండో శంక. 2002 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ద్రావణం గాఢత 245 మిల్లీఆస్మోళ్లు, రక్తానిది 290కి అటూఇటూ. అదే పొడి అరలీటరులో పడితే 490. అప్పుడు నీళ్లు రక్తంలోంచే పేగులోకి దిగుతాయి, విరేచనం ఇంకా ఎక్కువవుతుంది. పొదుపనుకుని లీటరును సగం చేసినవాడు రోగికి నీళ్లిచ్చినట్టు కాదు, ఉన్నవి లాగినట్టు. మరి పొట్లాలు లేని రోజుల్లో ఉప్పేసిన గంజి పోసిన అవ్వల మాటేమిటి? వాళ్లదీ ఈ సిద్ధాంతమే. గంజిలోని పిండిపదార్థం పేగులో కొంచెం కొంచెంగా గ్లూకోజుగా విడుతుంది. తలుపు దగ్గరికి చక్కెర వస్తుంది, గాఢత మాత్రం పెరగదు. నాపరాయి గనిలో పట్టే మామూలు చెమటకు మాత్రం, విరేచనాలు లేనివాడు పొట్లం చింపనక్కర్లేదు, ఉప్పేసిన మజ్జిగా నీళ్లూ చాలు.

పాఠాంతరము: అట్టపెట్టెల్లో పండ్లరసం రుచితో, పేరులో ఓఆర్‌ఎస్ అక్షరాలతో అమ్మిన తీపి పానీయాలను ప్రక్షిప్తాలుగానే గ్రహించాలి. ఎస్‌జీఎల్‌టీ1కు పట్టే దానికంటే ఎన్నో రెట్లు చక్కెర పోస్తే మిగిలింది పేగులోనే ఉండి నీళ్లను తన వైపుకు గుంజుతుంది. హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడగా, సూత్రానికి సరిపడని పానీయాలపై ఆ పేరు వాడరాదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది.