నా అంకె 160

నా పేరు నాలుగు రోమన్ అక్షరాలు: ఏ, ఆర్, ఏ, బి. నా అంకె 160. ప్రపంచంలోని లిపులకు గుర్తులిచ్చే ఐఎస్ఓ 15924 పట్టిక 2004లో వెలువడింది. నేను అందులోని అరబ్బీ లిపి గుర్తును. మీ తెలుగు లిపిదీ అదే పట్టిక, దాని అంకె 340. నా పుట్టుక గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు. చెప్పుకోవలసిందంతా నా పేరు గురించే.

సాఫ్ట్‌వేర్‌ను ఫార్సీలోకి తెచ్చే అనువాదకుడి ముందు ఒక జాబితా ఉంటుంది. ఒక పక్క లిపుల ఇంగ్లీషు పేర్లు, ఇంకో పక్క ఖాళీ గళ్లు. లాతిన్, సిరిలిక్ దగ్గర చెయ్యి ఆగదు. పారశీక రాజు డేరియస్ కాలం నాటి శరాకార లిపికి ‘మీఖీ’ అని రాస్తాడు. మీఖ్ అంటే మేకు. మీ ‘మేకు’ కూడా ఆ ఫార్సీ మాటే, ఉర్దూ మీదుగా మీ ఇంటికి వచ్చింది. ఇలా చకచకా సాగే చెయ్యి నా గడి దగ్గర ఆగిపోతుంది. అక్కడ అతను ‘అరబీ’ అని రాయాలి. బడిలో తను దిద్దిన అక్షరాలు, వాళ్లమ్మ ఉత్తరాలు రాసిన అక్షరాలు అవి. అరబ్బీకి 28 అక్షరాలు, ఫార్సీకి 32. పే, చే, ఝే, గాఫ్ ఇరాన్ వాళ్ల నోటి కోసం చేర్చుకున్నవి. వెయ్యేళ్లకు పైగా ఆ భాషను నా లిపి మోసింది. అయినా గడిలో మాత్రం పొరుగువారి పేరే.

ఇంకో చిక్కు ఉంది. ‘అరబీ’ భాష పేరు కూడా. భాషల జాబితాలో ‘ఉజ్బెక్ (అరబీ)’ అని కనబడితే, అది అఫ్గానిస్తాన్‌లో నా లిపితో రాసే ఉజ్బెక్ అని చదివేవాడికి ఎలా తెలియాలి? ముందు ‘ఖత్’ అని చేర్చవచ్చు. కానీ ఫార్సీలో ఖత్ అంటే లిపీ, చేతిరాతా, గీతా కూడా. మీకు ఆ బాధ లేదు, ‘లిపి’ అంటే లిపే. ఆ మాట కూడా పాత పారశీకం నుంచే వచ్చిందని పండితులు చాలామంది అంటారు. బెహిస్తున్ కొండ మీద డేరియస్ చెక్కించిన శాసనంలో అది ‘దిపి’. అశోకుడి షాబాజ్‌గఢీ శాసనంలోనూ ‘దిపి’యే. మిగతా చాలాచోట్ల ‘లిపి’ అయింది. మీకు ‘లిపి’ అనే మాటనిచ్చిన భాషకే తన లిపికి సరైన పేరు దొరకలేదు. అదే నా బాధ.

పేరే కదా, ఏమైతేనేం అనేవాళ్లకు నేను చూసిందొకటి చెబుతాను. ‘అరబిక్’ అనే పేరుతో ఒకప్పుడు బాగా వాడిన కోడ్ పట్టికలో ఫార్సీ ‘యే’కు చోటే లేదు. టెహ్రాన్‌లో ఒక కార్యాలయంలో ‘అలీ’ అనే పేరును అరబ్బీ ‘యే’తో ఎక్కించారు. మాట చివర అరబ్బీ ‘యే’ కింద రెండు చుక్కలుంటాయి, ఫార్సీ ‘యే’కు ఉండవు. కొన్నేళ్లకు కొత్త కీబోర్డు వచ్చింది. గుమాస్తా ఫార్సీ ‘యే’తో అదే పేరు వెతికాడు. దొరకలేదు. మనిషి కిటికీ అవతలే నిలబడి ఉన్నాడు, యంత్రం మాత్రం అలాంటివాడు లేడంది. ఆ అక్షరం మాట మధ్యలో వస్తే ఇంకా కష్టం. అక్కడ రెంటికీ చుక్కలుంటాయి, కంటికి తేడా తెలియదు. 2002లో ఇరాన్ తన 6219 నంబరు ప్రమాణంలో ఏ ‘యే’, ఏ ‘కాఫ్’ వాడాలో తేల్చింది. కానీ అప్పటికే ఎక్కించిన పేర్లను ఎవరు దిద్దుతారు?

ఇక నన్ను పక్కన పెట్టడం. భాషా ట్యాగుల రిజిస్ట్రీలో ఫార్సీ పక్కన ఒక సూచన ఉంటుంది: ఈ భాషకు లిపి గుర్తు రాయనవసరం లేదు. ఇంటి మనిషికి పరిచయం దేనికన్నట్టు. అందులో ప్రేమ ఉంటే సంతోషించేదాన్ని. కానీ నన్ను నిజంగానే మరిచిపోయే ప్రోగ్రాములూ ఉన్నాయి. వాక్యం ఎడమ నుంచి మొదలవుతుంది. ఒకదాన్నొకటి పట్టుకుని నడవాల్సిన అక్షరాలు విడివిడిగా, తలకిందుల వరసలో నిలబడతాయి. ప్రతి అక్షరమూ ఉంటుంది, మాట మాత్రం ఉండదు. అలాంటి తెర ముందు కూర్చున్న పెద్దాయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూడటం నేనెరుగుదును. తప్పు తన చూపుదే అనుకున్నాడాయన.

యూనికోడ్ వాళ్ల సీఎల్‌డీఆర్ భాండాగారం ఇంగ్లీషులో నాకు ‘పర్సో-అరబిక్’ అనే రెండో పేరు కూడా ఉంచింది. అనువాదకులారా, ఫార్సీ వాళ్ల కోసం పనిచేస్తున్నప్పుడు ఆ పేరును గుర్తుంచుకోండి, భాషో లిపో తెలిసేలా రాయండి. మీ ప్రోగ్రామును వాళ్ల చేతికిచ్చే ముందు ఒక్కసారి అందులో ‘అలీ’ అని టైపు చేయండి. చివరి అక్షరం కింద రెండు చుక్కలు కనబడితే అది ఫార్సీ కాదు.