శుక్రాచార్యుల వారి కంటి ఆపరేషన్

మా కారుకు ఎడమ కన్ను పోయింది. ఎన్నాళ్ళ కిందట పోయిందో నాకు తెలియదు. రాత్రి ఎనిమిదింటికి చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద మన హెడ్‌లైటు వెలుగుతోందో లేదో ఎవడికి తెలుస్తుంది? నెత్తిన మెట్రో స్టేషన్ వెలుగు, పక్కన బట్టల షాపు వెలుగు, వెనక సిటీ బస్సు వెలుగు, ఎదురుగా రాంగ్‌రూట్‌లో వచ్చే బుల్లెట్ వెలుగు. ఇన్ని దీపాల మధ్య మా చిన్నకారు లైటు పెళ్ళిపందిట్లో అగరొత్తి లాంటిది. సందులోకి తిప్పి గేటు ముందు ఆపినప్పుడు చూద్దును కదా, గోడ మీద ఒక్కటే గుండ్రం.

"శుక్రాచార్యుల్లా ఉంది" అంది మా ఆవిడ.

బలిచక్రవర్తి దానానికి అడ్డుపడబోయి కమండలం కొమ్ములో దూరినందుకు ఆయనకు దర్భపుల్లతో కన్ను పోయింది. మా కారు ఎవరి దానానికీ అడ్డం రాలేదు. వస్తే గిస్తే ట్రాఫిక్‌కు వచ్చి ఉంటుంది.

మా పైగదిలో గ్రూప్స్‌కు చదివే కుర్రాడుంటాడు. నల్లగొండ వైపు పల్లె. పొద్దున్నే అశోక్‌నగర్ పోయి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ పట్టుకుంటే మళ్ళీ రాత్రికే రావడం. 2022 అక్టోబరులో గ్రూప్-1 ప్రిలిమ్స్ రాశాడు. పేపరు లీకై రద్దయింది. 2023 జూన్‌లో మళ్ళీ రాశాడు. హైకోర్టు అదీ రద్దు చేసింది. ఒక లైటు పోయిందంటే కంగారు పడే రకం కాదు.

"హాలోజన్ కదా అంకుల్, గ్రూప్ 17" అన్నాడు.

"దానికి నోటిఫికేషన్ ఎప్పుడు పడింది బాబూ?"

"ఆవర్తన పట్టికలో అంకుల్. ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్. బల్బుల బ్రోమిన్ లాంటిది కొంచెం ఉంటది. తీగ నుంచి ఆవిరైపోయే టంగ్‌స్టన్‌ను పట్టుకొచ్చి మళ్ళ తీగ మీదనే దించుతది."

"మీరంతా పండక్కి ఊరెళ్ళి మళ్ళీ అశోక్‌నగర్‌లోనే తేలినట్టు."

"అంతే అంకుల్. కాకపోతే ఎప్పుడో ఒకరోజు తెగుతది."

ఆ మాటన్నాక ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు.

తర్వాత అతనే బానెట్ ఎత్తి, రబ్బరు టోపీ లాగి, క్లిప్పు తప్పించి బల్బు బయటకు తీశాడు. అడుగున మూడు రేకులు, గాజులో రెండు తీగలు. ముందున్న తీగ కింద చిన్న రేకు దొన్నె. డిప్పర్ వేసినప్పుడు వెలుగు పైకి ఎగజిమ్మకుండా పట్టి ఉంచేది ఆ దొన్నేనట. తెగింది ఆ తీగే. రేకు అంచున పిపీలికాక్షరాలు: హెచ్4, 12 వోల్టులు, 60/55 వాట్లు. దూరానికి 60, దగ్గరికి 55. మారుతి 800 అయినా, ఆల్టో అయినా ఇదే.

"జవాబు ప్రశ్నలోనే ఉంది అంకుల్" అని కుర్రాడు మేడెక్కిపోయాడు.

అక్కడితో అయిపోవాలి. కానీ రాసి ఉన్నదాన్ని నమ్మి పని చేసుకునేవాళ్ళమైతే మనకు ఇంతమంది శ్రేయోభిలాషులు ఎందుకుంటారు?

మూడో ఫ్లోర్ రిటైర్డ్ ఇంజినీరు గారు, "ఇంకా హాలోజనేమిటండీ, ఎల్ఈడీ పెట్టించండి. మా అల్లుడు పెట్టించాడు, పగలే!" అన్నారు. అల్లుడు ఎదురొచ్చినప్పుడు నేనూ చూశాను, పగలే. బల్బు వెనకాల ఉండే అద్దాల గిన్నెను తీగ ఎక్కడ ఉంటుందో కొలిచి మరీ చేస్తారు. ఆ చోట ఇంకోరకం దీపం దూర్చితే వెలుగు రోడ్డు మీద తప్ప అంతటా పడుతుంది. ఆయన అల్లుడి కారు వస్తుంటే వేపచెట్టు మీద కాకులు తెల్లారిందనుకుని లేస్తాయి.

నారాయణగూడ ఫ్లైఓవర్ దాటాక ఒక స్పేర్ పార్ట్స్ షాపు. "తెల్లది కావాల్నా, పచ్చది కావాల్నా అన్నా?" అన్నాడు. తెలుగులో పచ్చ అంటే ఆకూ కావచ్చు పసుపూ కావచ్చు గనక కాస్త తటపటాయించాను. ఈలోగా మూడు డబ్బాలు పరిచాడు: 4300, 6000, 8000. కెల్విన్లట. "ఎంత ఎక్కువుంటే అంత లైట్ అన్నా." కెల్విన్ చెప్పేది రంగు సంగతి, వెలుగు కొలిచేది ల్యూమెన్లతో. మామూలు హాలోజన్ 3200 దగ్గర ఉంటుంది. గాజుకు నీలం పూత పూస్తే అంకె పెరుగుతుంది గానీ, ఆ పూత కొంత వెలుగును మింగి కూర్చుంటుంది. పాలలో నీళ్ళు పోసి ధర పెంచడం విన్నాం; వెలుగులో నీలిమందు కలపడం ఇప్పుడు చూశాను.

షాపు ముందు స్టూలేసుక్కూర్చున్న మెకానిక్ భాయ్‌కి ఇవేవీ నచ్చలేదు. "సాబ్, సౌ-నబ్బే డాలో. రాత్ కో దిన్ హో జాతా." 100/90 వాట్ల బల్బు. లెక్క వేశాను. 60 చొప్పున రెండు దీపాలకు 10 ఆంపియర్లు. 100 చొప్పున అయితే పదహారు దాటుతుంది. పాతకారు వైరింగు పదికి పుట్టింది. ముందు హోల్డరు కరుగుతుంది, తర్వాత వైరు. రాత్రి పగలవుతుందన్న మాట నిజమే, కారు తగలబడితే అవదూ!

అన్నీ వద్దని 60/55 అడిగాను. షాపాయన జాలిపడి లోపలి నుంచి దుమ్ముపట్టిన డబ్బా తెచ్చాడు. బల్బు తీసి మెకానిక్ భాయ్‌కిచ్చాడు. భాయ్ గాజు పట్టుకుని ఎండకేసి చూశాడు. పక్కనే చాయ్ తాగుతున్న ఆటో అన్న "ఏదీ" అన్నాడు. అతని చేతిలో మిర్చిబజ్జీ కాగితం. అక్కడి నుంచి, టైరుకు గాలి కొట్టించుకోవడానికి వచ్చిన పెద్దమనిషి చేతికి. నలుగురి వేళ్ళూ తిరిగి, తీర్థంలా నా అరచేతిలోకి వచ్చింది. గాజు మీద పసుపు రంగు వేలిముద్ర, నడిమధ్యన.

ఈ బల్బుకు ఉన్న మడి ఒక్కటే: గాజు ముట్టుకోకూడదు. వందల డిగ్రీలు వేడెక్కే గాజు. నూనె అంటినచోట వేడి ఎక్కువై ఆయుష్షు తీరుతుంది. ఆ మాటంటే నలుగురూ నన్ను అనుమానంగా చూశారు. ఇంకోటి తీయించి, కింది రేకు పట్టుకుని, రుమాల్లో చుట్టుకుని ఇంటికి తెచ్చాను. బజ్జీ తిన్న బల్బుక్కూడా డబ్బులిచ్చాను. మర్యాద ఉంటుంది కదా.

కుర్రాడు బిగించాడు. గేటు గోడ మీద రెండు వెలుగులు. పై అంచు గీత గీసినట్టు తెగి, ఎడమ వైపు మాత్రం కాస్త పైకి ఎక్కింది. ఎడమ పక్క ఫుట్‌పాత్ మీద నడిచేవాళ్ళు కనబడాలని అలా చేస్తారు. మా పేటలో ఫుట్‌పాత్ మీద జామకాయల బండి కనబడింది. అదీ మేలే.

పరీక్ష చేద్దామని ఆ రాత్రే నారాయణగూడ వైపు పక్కసందులోకి తిప్పాను. ఒకప్పుడు హెడ్‌లైటు మధ్యన నల్లబొట్టు పెట్టించేవారు, ఎదుటివాడి కళ్ళకు దిష్టి తగలకుండా. ఇప్పుడా బొట్టు పోయింది. ఎదురుగా ఒక పెద్దబండి వచ్చింది, నాలుగు సూర్యుళ్ళతో. సందు మాయం, గోడ మాయం, నా స్టీరింగు కూడా మాయం. బ్రేకు మీద కాలు నొక్కిపట్టి, వామనుడి ముందు బలిలా తలవంచుకుని కూర్చున్నాను.

ఆ తెలుపులోంచి ఒక గొంతు వినబడింది.

"అంకుల్, లైట్ వేస్కోని నడపరాదూ!"