గోడకన్నం గోడు

షోరూముల యజమానులకు, ఏసీలు తయారుచేసే కంపెనీల పెద్దలకు, విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఒక గృహస్థు సవినయంగా చేసుకునే ఫిర్యాదు ఏమనగా:

మా పడకగది గోడలో ఒక కన్నం ఉంది. వెడల్పు 25 అంగుళాలు, ఎత్తు 16. పైన లింటెల్, కింద సిమెంటు దిమ్మ, అటూ ఇటూ ఇంటి బరువు మోసే గోడ. ఇల్లు కట్టేటప్పుడు మా నాన్నగారు ముందుచూపుతో మేస్త్రీకి చెప్పి వదిలించారు. అందులో ఒక విండో ఏసీ ఏళ్ళ తరబడి కాపురం చేసి, సరిగ్గా ఎండలు ముదిరే వేళకి కన్నుమూసింది. ఆ జాగాలోకి రావడానికి దేశంలో ఇంకో ఏసీ ఏదీ ఒప్పుకోవడం లేదు.

నావి గొంతెమ్మ కోరికలు కావు. ఒక టన్ను చాలు. కన్నంలో పట్టాలి. చేత్తో తిప్పే నాబ్‌లు రెండుండాలి. గదిలో గాలిని బయటికి తోలే చిన్న మీట ఉండాలి. సర్వీసింగుకి మొత్తం పెకలించకుండా, పై డబ్బా గోడలోనే ఉండి లోపలి మిషను ముందుకి జారి రావాలి. వీటిలో ఏ ఒక్కటీ నా ఊహలోంచి పుట్టింది కాదు. పోయిన ఏసీలో ఇవన్నీ ఉండేవి.

"విండోనా సార్?" అన్నాడు ఏలూరు రోడ్డు షోరూములో కుర్రాడు. గానుగెద్దుని బేరమాడ్డానికి వచ్చినవాణ్ణి చూసినట్టు చూశాడు. "స్ప్లిట్ తీసుకోండి సార్, అసలు సౌండే ఉండదు."

బాబూ, సౌండు ఉండాలనే కదా నా బాధ. వెనక వీధిలో ఫంక్షన్ హాలుంది. మాఘమాసం నుంచి జ్యేష్ఠం దాకా అర్ధరాత్రి వరకూ అక్కడ మైకు పాడుతూనే ఉంటుంది. మా పాత ఏసీ గుర్రుమంటుంటే ఆ పాటలు సగానికి సగం వినపడేవి కావు. పైగా స్ప్లిట్‌కి ఔట్‌డోర్ యూనిట్ ఎక్కడ పెట్టను? మూడు వైపులా పక్కిళ్ళ గోడలే. మిగిలింది డాబా. మే నెల మిట్టమధ్యాహ్నం కాకి కూడా వాలని డాబా మీద దాన్ని కూర్చోబెట్టి, నువ్వు మాడుతూ మమ్మల్ని చల్లబరచమనడం ధర్మమేనా?

సరే, విండోలే చూపించమన్నాను. ఓ మూలన, వాషింగ్ మెషీన్ల వెనక, రెండున్నాయి. రెండూ ఒకటిన్నర టన్నువి, ఫైవ్ స్టార్‌వి. టేపు పెడితే ఏదీ నా కన్నంలో దూరేది కాదు. దీని వెనక శాస్త్రం ఉంది. కరెంటు తక్కువ తాగాలంటే వేడిని వదిలే కాయిల్ పెద్దదవ్వాలి. కాయిల్ పెరిగితే డబ్బా పెరుగుతుంది. స్టార్లు పెరిగేకొద్దీ ఏసీకి ఒళ్ళొస్తుంది. నా గోడకి ఒక్క అంగుళం రాదు. ఇంతా చేసి ఆ స్టార్లయినా సమానమా అంటే, కాదు. 2022లో సవరించిన లెక్కల ప్రకారం విండోకి అయిదు స్టార్లు రావడానికి కావలసిన మార్కులు స్ప్లిట్‌కి కావలసినవాటికంటే తక్కువ. గ్రేస్ మార్కులిచ్చి పాస్ చేయించి, ఆనక మూలన కూర్చోబెట్టారన్నమాట.

కాగితం మీద మాత్రం విండోది పెద్ద పీటే. గది ఏసీలకి భారతీయ ప్రమాణం ఐఎస్ 1391. అందులో మొదటి భాగం విండో ఏసీలది, స్ప్లిట్లది రెండో భాగం. ఈ సంగతి కుర్రాడికి చెబితే, "మా దగ్గర ఆ మోడల్ రాదు సార్" అన్నాడు.

ఇక మీట విషయం. గోడకి తగిలించే మామూలు స్ప్లిట్ ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. మా ఇంట్లో వంటగదికీ పడకగదికీ మధ్య ఒక్క తలుపే అడ్డం. ఎండుమిరపకాయల పోపు ఘాటు, దాని మీద మా అమ్మ మోకాళ్ళకి రాసుకునే తైలం వాసన, ఆ పైన అగరొత్తుల పొగ, ఈ మూడూ కలిసిన గాలిని 24 డిగ్రీలకి చల్లార్చి మళ్ళీ మాకే వడ్డిస్తుంది. పాత ఏసీలో మీట లాగితే లోపల ఒక చిన్న తలుపు తెరుచుకుని, గదిలో గాలి కొంచెం కొంచెంగా వీధిలోకి పోయేది. ఆ రేకుముక్కకి ఎంత ఖర్చయి ఉంటుంది? దాన్ని పీకేసి వైఫై పెట్టారు. నేను బందరులో ఉండగా విజయవాడలో ఏసీ వేసుకోవచ్చట. ఎవరికోసం?

నాబ్ నాకోసం కాదు, అమ్మకోసం. రాత్రి లైటు వెయ్యకుండా, కళ్ళజోడు పెట్టుకోకుండా, చేత్తో తడిమి రెండు టిక్కులు వెనక్కి తిప్పి పడుకునేది. రిమోట్ అయితే ముందు అది పరుపు కింద ఉందో మనవడి చేతిలో ఉందో తేలాలి. తేలాక బ్యాటరీ ఉండాలి. కరెంటు పోయి వచ్చినా నాబ్ ఎక్కడ పెట్టింది అక్కడే ఉంటుంది. దీన్నే ఇప్పుడు "ఆటో రీస్టార్ట్" అని అట్టపెట్టె మీద పెద్దక్షరాలతో అచ్చు వేస్తున్నారు.

అన్నట్టు, ఆ 24 డిగ్రీలు ఊరికే అనలేదు. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీ ఏదైనా వెయ్యగానే 24 దగ్గరే మొదలవ్వాలని కేంద్రం ఉత్తర్వు. మంచిదే, కాదనను. నా గది ఎంత చల్లగా ఉండాలో ఢిల్లీలో ఆలోచించేవాళ్ళున్నారు. నా కన్నం ఎంత వెడల్పో ఆలోచించేవాళ్ళు ఒక్కరన్నా ఉండొద్దూ?

1902లో విల్లిస్ క్యారియర్ అనే కుర్ర ఇంజనీరు బ్రూక్లిన్‌లో ఒక అచ్చాఫీసు కోసం చేసిన ఏర్పాటే ఈ ఏసీలన్నిటికీ ఆది. అక్కడ మనుషులకి ఉక్కపోస్తోందని కాదు. గాలిలో తేమకి కాగితం సాగి, ముడుచుకుని, రంగుల అచ్చు కుదరడం లేదని. అంటే కాగితం మొర పెట్టుకుంటే కొత్త యంత్రమే పుట్టింది. ఇంటిపన్ను కట్టే మనిషి మొర పెట్టుకుంటే "ఆన్‌లైన్‌లో చూస్కోండి సార్" అంటున్నారు. చూశాను. అక్కడ కొలతల గడిలో అట్టపెట్టె కొలతలు ఇచ్చారు.

పోనీ సీజను దాటాక కొందామంటే, డిసెంబరులో "ఇంకా సరుకు దిగలేదు" అంటారు. ఏప్రిల్‌లో "అయిపోయింది" అంటారు. ఈ రెండింటికీ నడుమ అది ఏ రోజున దిగి ఏ రోజున అయిపోతుందో పంచాంగకర్తలు కూడా చెప్పలేరు.

మా పాత మెకానిక్ వచ్చి చూశాడు. "మాస్టారూ, గోడ కొంచెం కొట్టించెయ్యండి" అన్నాడు. మేస్త్రీని పిలిస్తే, "దిమ్మ మీద చెయ్యి పడిందంటే లింటెల్‌కి నాది పూచీ కాదండీ" అన్నాడు. మా ఆవిడ ఇద్దరికీ కాఫీ ఇచ్చి, కన్నానికి ప్లైవుడ్ చెక్క బిగించి ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించేస్తే వెయ్యి రూపాయల్లో పోతుంది కదా అంది. ఆ ప్రతిపాదన ప్రస్తుతం పరిశీలనలో ఉంది. పరిశీలించేది నేనే కనక తేలడానికి టైము పడుతుంది.

ఈలోగా గాంధీనగర్‌లోనో, గవర్నరుపేటలోనో, ఎవరైనా ఇల్లు పడగొట్టి అపార్టుమెంటుకి ఇస్తూ, మీటా నాబ్‌లూ ఉన్న పాత ఒక టన్ను విండోని పాత ఇనుము వాడికి వేసేయబోతుంటే, దయచేసి ఒక్క పూట ఆగండి. వాడు లోపలి రాగి కోసం ఎంతిస్తానంటే దాని మీద అయిదొందలు ఎక్కువిస్తాను. టేపు నేనే తెచ్చుకుంటాను.